మాటల తూకము: ఘోరము, భయంకరము, దారుణము

త్రాసు పట్టినవానికి పడికట్టు రాళ్లు ఎట్టివో, మాటలాడువానికి విశేషణములు అట్టివి. సేరు రాయి వేయవలసినచోట మణుగు రాయి వేసిన వర్తకుని అంగడివీధిలో ఎవరును నమ్మరు. కాని కొబ్బరికాయల ధర తగ్గిననాడు “ఘోరము” అని, కొన్ని ప్రాణములు పోయిననాడు మరల “ఘోరము” అని పలికినవానిని తప్పు పట్టువారు లేరు. ధాన్యమును తూచుటలో ఉన్న నిక్కచ్చి దుఃఖమును తూచుటలో ఎందుకు లేదు? భయము గొలుపు సంగతులను చెప్పు మాటలలోని భేదము నిఘంటువుకు మాత్రమే సంబంధించినదా, లేక సత్యవ్రతమునకు కూడ సంబంధించినదా? ఈ ప్రశ్న చూచుటకు చిన్నది. దాని వెంట నడచినవారు మాత్రము చాల దూరము పోవలసివచ్చును.

పడమటి కనుమల పాదమున, విరుదునగర్ జిల్లాలో, వత్రాప్ అను ఊరు ఉన్నది. పిళవక్కల్ ఆనకట్టల నీటితో పండు వరి, దాని నంటి ఉన్న కొబ్బరితోటలు అచటి సంపద. ఈ జిల్లాలోను, దాని ప్రక్కనున్న కోవిల్పట్టి సీమలోను విజయనగర ప్రభువుల, నాయకరాజుల కాలమునుండి స్థిరపడిన తెలుగు కుటుంబములు పెక్కు కలవు. ఇంట తెలుగు, అంగడిలో తమిళము, పిల్లల బడిలో ఇంగ్లీషు, ఈ మూడును ఒక్క నాలుకపై మెలగుట అచట వింత కాదు. అట్టి ఒక వర్తకుని ఇంట, దీపాలవేళ, ఇట్టి సంభాషణ జరుగుచున్నదనుకొందురు గాక. పదవ తరగతి చదువు మనుమరాలు పుస్తకము తెచ్చి తాతగారి ముందు కూర్చున్నది.

“తాతయ్యా, హారిబుల్, టెర్రిబుల్, ఆఫుల్, గ్యాస్ట్‌లీ, గ్రూసమ్. వీటికి తేడాలు రాసుకు రమ్మన్నారు. నిఘంటువులో చూస్తే అన్నిటికీ భయంకరమైన అనే ఉంది. అన్నీ ఒకటే కదా?”

“ఒకటే అయితే ఇన్ని మాటలెందుకమ్మా? కొట్లో ఒకే రాయి పెట్టుకుని నేను బేరం చేస్తున్నానా?”

తాతగారికి ఇంగ్లీషు అంతగా రాకపోవచ్చును. జవాబు మాత్రము సరియైనదే.

హారిబుల్ అను మాటకు మూలమైన లాటిన్ ధాతువునకు వెండ్రుకలు నిక్కబొడుచుకొనుట అని అర్థము. సంస్కృతమునందలి హృష్ ధాతువును, ఈ లాటిన్ ధాతువును ఒక్క కుదురున పుట్టినవిగా భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. రోమహర్షణము అను మాటలో ఉన్నది ఆ ధాతువే. వెండ్రుకలు భయమునకు నిక్కును, ఆనందమునకును నిక్కును. తెలుగున గగుర్పాటు కూడ ఇట్టిదే. టెర్రిబుల్ అనునది భయపెట్టుట అను అర్థము గల వేరొక లాటిన్ ధాతువునుండి వచ్చినది. ఆఫుల్ అనునది మొదట నింద కాదు. పెద్దలయెడ, దైవముయెడ కలుగు భయభక్తులను పుట్టించునది అని దాని పాత అర్థము. గ్యాస్ట్‌లీ అను మాటయు భయపెట్టుటనుండియే పుట్టినది గాని, దయ్యమును చెప్పు మాటతో పోలిక కుదిరి, ప్రేతమువలె పాలిపోయినదను అర్థము దానికి అంటుకొన్నది. గ్రూసమ్ అనునది ఒడలు జలదరించుటను చెప్పు స్కాట్లండు మాట. సర్ వాల్టర్ స్కాటు నవలల మూలమున అది ఇంగ్లీషున వ్యాపించెను. అట్రోషస్ అను మరియొక మాట క్రూరమైనదని అర్థమిచ్చు లాటిన్ పదమునుండి వచ్చినది. అది చూచువాని ఒడలిని గాక, చేసినవాని పనిని వ్రేలుపెట్టి చూపును.

కనుక ఈ మాటలలో కొన్ని చూచువాని శరీరమును గూర్చినవి, కొన్ని కనబడు వస్తువు రూపమును గూర్చినవి, కొన్ని చేసినవాని మనస్సును గూర్చినవి. భయములోనే రెండు జాతులున్నవని చెప్పిన ఇంగ్లీషు రచయిత్రియు ఒకామె కలదు. ఆన్ రాడ్‌క్లిఫ్ మరణించిన తరువాత 1826లో ప్రచురింపబడిన ఆమె వ్యాసమున టెర్రర్ వేరు, హారర్ వేరు అని వాదము చేయబడినది. మొదటిది ఆత్మను విశాలము చేసి మేల్కొలుపును, రెండవది దానిని ముడుచుకొనజేసి గడ్డకట్టించును అని ఆమె అభిప్రాయము. రానున్న ఆపదను తలచి మేల్కొనువాడు ఏదైన చేయగలడు. గడ్డకట్టినవాడు ఏమియు చేయలేడు.

ఇక తెలుగు మాటలు. అమరసింహుడు తన కోశమున దారుణము, భీషణము, ఘోరము, భయంకరము మొదలగువానిని పర్యాయపదములుగా ఒక్కచోట చేర్చెను. కోశము చేర్చినవానిని వాడుక విడదీసినది. భయంకరము అనగా భయమును కలిగించునది. ఈ మాట చూచువానిని ఆశ్రయించి ఉన్నది. చీకటిలో త్రాడు పామై కనబడినప్పుడు అది భయంకరమే. దీపము తెచ్చిన పిమ్మట కాదు. త్రాటిలో ఏ మార్పును లేదు. కనుక “ఇది భయంకరము” అనుటలో “నేను భయపడితిని” అను ఒప్పుకోలు దాగి ఉన్నది. ఘోరము వేరు. ఘోరపాపము అందురు, ఘోరతపస్సు అనియు అందురు. తపస్సును నిందించువారు లేరు గదా. కాబట్టి ఘోరము అనునది ముఖ్యముగా కొలతను చెప్పు మాట. సామాన్యపు హద్దు దాటినదని చెప్పునే గాని, మంచిచెడ్డలను తనంతట తాను చెప్పదు. దారుణము అన్నప్పుడు కాఠిన్యము, దయలేమి స్ఫురించును. క్రూరము నేరుగా కర్త మనస్సును పట్టుకొనును. బీభత్సము కన్ను మరల్చుకొనునట్లు చేయునది. దానికి అడుగున ఉన్న భావము జుగుప్స, అనగా ఏవగింపు. జుగుప్స అను మాట గుప్ ధాతువునుండి వచ్చినది. ఆ ధాతువునకు కాపాడుట అర్థము. తన్ను తాను దూరముగా కాపాడుకొన చూచుటయే ఏవగింపు. భయము పారిపొమ్మనును, ఏవగింపు ముఖము త్రిప్పుకొమ్మనును.

ఒక్క ఉదాహరణమున ఈ మాటలన్నియు తమ తమ స్థానములలో కూర్చుండును. ఒక ఏరు పొంగినది. ఆ వరద హోరు భీకరము. నడుమ చిక్కిన పడవ మునుగుట ఘోరము. మునుగువారిని చూచియు ముందు కూలి తేల్చుమని ఒడ్డున బేరమాడినవాడు క్రూరుడు. ఆ బేరము దారుణము. మూడవనాడు ఇసుకలో తేలిన శరీరములను చూచి కలుగు భావము బీభత్సము. ఇప్పుడు అన్నిటికిని కలిపి “భయంకరము” అని ఒక్క మాట చెప్పినచో ఏమి జరిగినది? బేరమాడినవాడు వరదలో కలిసిపోయెను. వాని పేరు ఎవరును అడుగరు.

మాటలు అరిగిపోవుట అన్ని భాషలలోను ఉన్నది. టెర్రిఫిక్ అను మాట ఒకప్పుడు భయపెట్టునది. ఇప్పుడు బహు బాగున్నది అని దాని అర్థము. భయభక్తులను చెప్పిన ఆఫుల్ చల్లారిన కాఫీకి విశేషణమైనది. తెలుగు యువకులు పాట నచ్చినప్పుడు “భయంకరంగా ఉంది” అని మెచ్చుకొందురు. అంగడిలో ధరలు “దారుణంగా” పడిపోవును. వెండి నాణెములో ఏటేట కొంత రాగి కలుపుచు పోయినచో, రూపము అదే ఉండును, ముద్ర అదే ఉండును, విలువ మాత్రము ఉండదు. కరవు వచ్చినప్పుడు ఆ నాణెముతో ధాన్యము కొనబోయినవానికి సంగతి తెలియును. మాటల సంగతియు అంతే. నిజముగా దారుణమైనది ఎదురైననాడు చేతిలో ఉన్న మాట చెల్లదు.

పూర్వులు ఈ విషయమున చాల జాగ్రత్త వహించిరి. భరతముని నాట్యశాస్త్రమున ఎనిమిది రసములను చెప్పుచు, భయము స్థాయిగా గల భయానకమును, జుగుప్స స్థాయిగా గల బీభత్సమును, క్రోధము స్థాయిగా గల రౌద్రమును వేరువేరుగా నిలిపెను. జైనాగమములలో అనుయోగద్వారసూత్రమున కూడ రసముల పట్టిక ఒకటి కలదు. అందు రసములు తొమ్మిది. వీరము మొదటిది, ప్రశాంతము చివరిది. రౌద్రము, బీభత్సము అందు ఉన్నవి. భయానకము మాత్రము ప్రత్యేకముగా లేదు. దానిని రౌద్రమునందే అంతర్భూతముగా గ్రహింపవలెనని వ్యాఖ్యాతలు చెప్పిరి. మరి తొమ్మిదింటిలో చోటు పొందిన క్రొత్త రసమేది? వ్రీడనకము. వ్రీడ అనగా లజ్జ, సిగ్గు. వినయమును, మర్యాదను మీరినప్పుడు కలుగు సిగ్గునుండి పుట్టు రసమిది.

ఆ పట్టికను కూర్చినవారి ఉద్దేశము ఏమైనను, చదువువానికి ఇది గొప్ప ఆలోచనను కలిగించును. భయమునకు ప్రత్యేకమైన పీట లేదు, సిగ్గునకు ఉన్నది. ఈ చిన్న మార్పు ఎంత పనికివచ్చునో తెలియుటకు వత్రాప్‌నుండి తూర్పుగా శివకాశి వైపు కొంతదూరము పోవలెను.

1920ల ప్రాంతమున శివకాశికి చెందిన అయ్య నాడారు, షణ్ముగ నాడారు కలకత్తా పోయి అగ్గిపెట్టెల తయారీ నేర్చుకొని వచ్చిరి. వానలు తక్కువగా కురియు ఆ పొడినేలలో అగ్గిపెట్టెల పరిశ్రమ, తరువాత బాణసంచా పరిశ్రమ వేళ్లూనెను. కోవిల్పట్టి, సాత్తూరు, శివకాశి ప్రాంతములలో వేలకొలది కుటుంబములకు అది అన్నము పెట్టినది. దేశమున దీపావళికి కాల్చబడు బాణసంచాలో అత్యధికభాగము ఈ సీమనుండియే పోవును. శ్రీ మహావీరస్వామి నిర్వాణమును దీపములతో తలచుకొను రాత్రి, ఈ సీమనుండి వచ్చిన మందు ఊరూర ప్రేలుచుండును.

2012 సెప్టెంబరు 5వ తేదీన శివకాశి సమీపమున ముదలిపట్టి గ్రామముననున్న బాణసంచా కార్మాగారమున మంట లేచి ప్రేలుడు సంభవించెను. సుమారు 40 మంది మరణించిరి. మొదటి మంట చూచి సాయపడుటకో, ఏమి జరిగినదో చూచుటకో వచ్చిన గ్రామస్థులును వారిలో ఉండిరి. 2021 ఫిబ్రవరి 12న సాత్తూరు దాపున అచ్చంకుళమున మరియొక ప్రేలుడు జరిగి కనీసము 20 మంది ప్రాణములు కోల్పోయిరి. ఇట్టి వార్తలకు పత్రికలు పెట్టు శీర్షిక సాధారణముగా ఒక్కటే: “ఘోర ప్రమాదము.”

ఈ రెండు మాటలను విడదీసి తూచవలెను. ఘోరము అనునది కొలత. కొలత సరియే, సుమారు 40 ప్రాణములు చిన్న సంఖ్య కాదు. బరువంతయు రెండవ మాటలో ఉన్నది. తెలుగున ప్రమాదము అనగా అనుకోకుండ వచ్చిన ఆపద అని నేటి వాడుక. మూలమున ఆ మాటకు ఏమరుపాటు, అజాగ్రత్త అని అర్థము. ఉమాస్వామి తత్త్వార్థసూత్రమున హింసను నిర్వచించునప్పుడు ప్రాణము పోవుటను మాత్రమే చెప్పి ఊరకుండలేదు. ప్రమాదముతో కూడిన మనోవాక్కాయముల నడకచేత ప్రాణమునకు హాని కలిగించుటను హింస అనెను. అనగా వర్తకుడు “పాపము, ప్రమాదము జరిగినది” అని నిట్టూర్చునప్పుడు, తనకు తెలియకుండనే ఆ సూత్రములోని నేరముయొక్క పేరు పలుకుచున్నాడు. క్షమాపణగా వాడిన మాట అభియోగముగా నిలిచినది.

బాణసంచా మందు రాపిడికి, వేడికి, నిప్పురవ్వకు ఓర్వదు. అందువలననే ఒక్కొక్క గదిలో ఎందరు పనిచేయవచ్చునో, ఎంత మందు ఉంచవచ్చునో, గదికి గదికి ఎంత ఎడముండవలెనో ప్రభుత్వ నిబంధనలు నిర్ణయించినవి. పండుగ దగ్గరపడుకొలది గిరాకి పెరుగును. గిరాకి పెరిగినప్పుడు గదిలో మనుషులు పెరుగుదురు, మందు పెరుగును. దూరపు ఊరిలో కూర్చుండి “సరకు పది దినములు ముందే కావలెను, ధర మాత్రము నిరుటిదే” అని వ్రాసిన ఉత్తరమునకు ఆ గదితో ఏ సంబంధమును లేదా? ఆ ఉత్తరము భయంకరము కాదు. దానిని చూచి ఎవరి వెండ్రుకయు నిక్కదు. బీభత్సము కాదు, క్రూరము కూడ కాదు. దానికి తగిన మాట భయానకపు కుటుంబమున దొరకదు. వ్రీడనకమున దొరకును. అది సిగ్గుపడవలసినది.

ఇదియే ఈ విచారణకు సారము. భయమును చెప్పు విశేషణములు ఎంత పెద్దవైన అంతగా మనిషిని ప్రేక్షకునిగా చేయును. “అబ్బా, ఎంత ఘోరము!” అన్నవాడు తాను దూరమున నిలిచి చూచుచున్నానని చెప్పుకొన్నవాడే. “అమానుషము”, “పైశాచికము” అను మాటలు ఇంకను దూరము పోవును. చేసినవాడు మనిషియే కాడని అవి వెలివేయును. చేసినవాడు మనిషియే అయినందువలననే గదా విచారించుట! సిగ్గు మాత్రము అట్టిది కాదు. అది దూరముగా నిలువనీయదు. “దీనిలో నా భాగమెంత?” అని అడిగించును. శ్రావకులు విడువవలసిన పదునైదు వృత్తుల పట్టికలో అంగారకర్మ, అనగా నిప్పుతో ముడివడిన జీవనము, మొదటనే ఉన్నది, విషవాణిజ్యమును ఉన్నది. ఆ పట్టికలో వృత్తుల పేర్లే గాని “ఘోరమైన”, “భయంకరమైన” అను విశేషణములు లేవు. పేరు సరిగా పెట్టినచోట విశేషణముతో పని తక్కువ.

ఇందులకు ఒక ఆక్షేపణ రావచ్చును. భయము, ఏవగింపు మనుష్యునికి సహజములు గదా, వానిని చెప్పు మాటలను అణచివేయుట కృత్రిమము గాదా అని. అణచివేయుమని ఎవరును చెప్పలేదు. జైనశాస్త్రము భయమును, జుగుప్సను నోకషాయములలో, అనగా చిన్న కషాయములలో లెక్కించినది. అవి ఉన్నవని ఒప్పుకొనుటయే వానిని లెక్కించుట. ఉన్నదానిని ఎవరిమీద ప్రయోగించుచున్నాము అనునది ప్రశ్న. ప్రేలుడులో కాలి బ్రతికిన ఆడుది ఆసుపత్రినుండి ఇల్లు చేరును. వీధిలో ఒకడు “ముఖము భయంకరంగా ఉంది” అనును. ఆమె చేసిన తప్పు ఏది? మంటకు, మంటను పిలిచిన ఏమరుపాటునకు చెందవలసిన మాట ఆమె ముఖమునకు అంటుకొన్నది. సమ్యక్త్వమునకు ఎనిమిది అంగములు చెప్పుచు పెద్దలు నిర్విచికిత్సను ఒకటిగా చెప్పిరి. దేహపు మాలిన్యమును, రోగమును చూచి ఏవగించుకొనకుండుట అది. దశవైకాలిక సూత్రమున వాక్శుద్ధిని బోధించు అధ్యాయము ఒంటికంటివానిని ఒంటికంటివాడని, రోగిని రోగియని పిలువరాదని చెప్పును. నిజమైనను నొప్పించు మాట పలుకరానిదైనప్పుడు, నిజముకూడ కాని “భయంకరము” ఎట్లు పలుకదగును? ఘోరము పనికి చెందవలెను, శరీరమునకు కాదు.

వేరొక దోషమును ఉన్నది. నేడు ప్రతి చేతిలోను ఫోను ఉన్నది. ప్రేలుడు జరిగిన గంటలోపల దాని చిత్రములు ఊరూర తిరుగును. “ఎంత భయంకరమో చూడండి” అని పంపినవాడు హెచ్చరించుచున్నాడా, విందునకు పిలుచుచున్నాడా? ఐరోపాలో మధ్యయుగమున అస్థిపంజరములు నృత్యమాడుచు రాజును, బిచ్చగానిని వెంటతీసుకొనిపోవు చిత్రములు వ్రాయబడెను. మకాబర్ అను మాట ఆ నృత్యముతో వచ్చినది. చావు అందరికిని సమమని బోధించుటకు పుట్టిన ఆ మాట నేడు చావును చవిచూచు వేడుకకు పేరైనది. హింసను తలచి తలచి మనస్సు రుచి పట్టుటను శాస్త్రకారులు రౌద్రధ్యానమున చేర్చిరి. చంపుట ఒక్కటే రౌద్రము కాదు. చూచి చూచి చవిగొనుటయు దాని పొరుగుననే ఉన్నది.

ఇంతవరకు చెప్పినది జరిగిన సంగతులను గూర్చి. జరిగినదో లేదో తేలని సంగతికి ఏ రాయి వేయవలెను? ఈ ప్రశ్న జైనులకు మిక్కిలి దగ్గరది. ఏడవ శతాబ్దమున మదురైలో, వాదమున ఓడిన ఎనిమిదివేల మంది సమణులు కొరత వేయబడిరని తమిళదేశమున ఒక కథ ఉన్నది. పన్నెండవ శతాబ్దమున సేక్కిళార్ రచించిన పెరియపురాణమున అది విస్తరింపబడినది. ఆలయ చిత్రములలోను, ఉత్సవములలోను నిలిచినది. ఆ కాలపు జైనగ్రంథములలో మాత్రము ఇట్టి వధ ప్రసక్తి కనబడదు. చరిత్రకారులలో పలువురు దీనిని సంశయించిరి. కోవిల్పట్టికి సమీపముననున్న కళుగుమలై కొండమీద తీర్థంకరుల శిల్పములు వరుసలు తీరి ఉన్నవి. వట్టెళుత్తు శాసనములలో గురువుల పేర్లతోపాటు కురత్తియార్ అనబడు స్త్రీగురువుల పేర్లును కలవు. ఆ శిల్పములు ఎనిమిది, తొమ్మిది శతాబ్దములవి. అనగా ఆ వధ జరిగినదని చెప్పబడు కాలమునకు తరువాతివి. అదియు పాండ్యుల రాజ్యములోనే.

కళుగుమలై సాక్ష్యము ఎవరికిని హాని జరుగలేదని ఋజువు చేయదు. ఎనిమిదివేల కథను అట్లే నమ్ముట కష్టమని మాత్రము చెప్పును. అట్టియెడ “ఆ ఘోరమైన, దారుణమైన, పైశాచికమైన మారణకాండ” అని వ్రాయుట సుళువు. ఒక్కొక్క విశేషణము సాక్ష్యము లేని చోటును నింపును. చదువువాడు మూడు విశేషణములు దాటునప్పటికి, సంగతి జరిగినదా అని అడుగుట మరచిపోవును. వినువాని మనస్సులో మరియొక మతమువారిపై పగ మిగులును. తన సంఘమునకు జరిగినదను కష్టమును పెద్దరాయితో తూచుకొనుట, తన సరకును పెద్దరాయితో అమ్ముట, ఈ రెండింటికిని కూటతులామానము అనియే పేరు. అచౌర్యవ్రతమునకు అది అతిచారమని శ్రావకునికి తెలిసినదే. కథగా చెప్పవలసినది “అట్టి కథ ఒకటి కలదు” అని చెప్పినచో చాలును.

ఆ కొండమీదనే పడగల నీడలో పార్శ్వనాథస్వామి మూర్తియు ఉన్నది. ఆయనపై కమఠుడు కొండరాళ్లు విసరెనని, కుంభవృష్టి కురిపించెనని, ధరణేంద్రుడు పడగలు పట్టి కాచెనని పురాణములు చెప్పును. పాముపడగ లోకమునకెల్ల భయంకరము. శిల్పి దానినే గొడుగుగా చెక్కెను. క్రిందనున్న ముఖమున భయము లేదు, భయపెట్టినవానిపై కోపము లేదు. కమఠుని పని క్రూరమనుట సత్యమే. స్వామి దానిని భయంకరమని ఎంచలేదనుటయు సత్యమే. ఒకటి చేసినవానిని గూర్చినది, మరియొకటి చూచినవానిని గూర్చినది. తాతగారు మనుమరాలికి చెప్పదలచిన భేదము ఇదియే.

కాబట్టి దుర్వార్త విన్నప్పుడు నోట మాట రాకముందు మూడు ప్రశ్నలు వేసికొనుట మంచిది. ఇక్కడ భయపడినది ఎవరు? పని చేసినది ఎవరు? అందు తన పాలు ఉన్నదా? మొదటి ప్రశ్నకు జవాబు ఉన్నచోట భయంకరము అనవచ్చును. రెండవదానికి జవాబు ఉన్నచోట క్రూరమనియో, దారుణమనియో చెప్పి చేసినదానిని పేరుతో పిలువవచ్చును. మూడవదానికి జవాబు ఉన్నచోట విశేషణమును వెదకనక్కరలేదు. ఆ ఏట దీపావళికి సరకు వ్రాయునప్పుడు, ఏ గదిలో, ఎందరు కూర్చుండి, ఎంత తొందరలో దానిని చేయుదురో విచారించి వ్రాయవలెను. లేదా వ్రాయుటయే మానవలెను.

మనుమరాలు పుస్తకమున అయిదు మాటలకు అయిదు అర్థములు వ్రాసికొన్నది. ఆరవదానికి కొంత చోటు మిగిలినది.

“ఇంకేం రాయను తాతయ్యా?”

“సిగ్గు అనే మాటకి ఇంగ్లీషులో ఏమంటారో కనుక్కుని, అది కూడా రాసుకోమ్మా. పరీక్షలో అడగరులే. దుకాణంలో కావాలి.”